సిద్ధప్ప సార్ పెట్టిన ఇంటూ

మా అమ్మ రిబ్కాకు కోపమొస్తే అరిచేది కాదు. పని ఇంకా శుభ్రంగా చేసేది. బీదరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఆమెది ఊడ్చే ఉద్యోగం. ఊడ్చడం, కుండల్లో నీళ్ళు పట్టడం, క్లాసుకూ క్లాసుకూ మధ్య నల్లబల్లలు తుడవడం, ఎండాకాలం సెలవుల్లో ఆ బల్లలకు బొగ్గుపొడి, ఆకు పసరు కలిపి పట్టించడం. బల్ల మీద ఏముందో చూడకుండా తుడిచిన రోజు ఒక్కటీ లేదని గొప్పగా చెప్పుకునేది. పుట్టింది అక్కడికి దగ్గర్లోని నిర్ణా ఊళ్ళో కాబట్టి కన్నడం బాగా అర్థమయ్యేది. చదవడం మాత్రం తెలుగే, అదీ ఆదివారం బడిలో నేర్చుకున్నంత వరకే.

ఆమె గురించి నాలుగు ముక్కలు రాయమని మా చర్చి సంఘం వాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. ఓర్పు గల తల్లి అని రాస్తానని వాళ్ళ ఆశ. ఓర్పు ఉండేది, కాదనను. ఎలుక కన్నం ముందు పిల్లికి కూడా ఓర్పు ఉంటుంది. మూడేళ్ళు ఒక మనిషి కోసం కాచుకుని కూర్చున్న ఆడదాని సంగతి రాయమంటే రాస్తాను, అంతకు మించి పూలదండలు వేయడం నా చేత కాదు.

ఆ మనిషి పేరు సిద్ధప్ప సార్. ఖటక్ చించోళి ఊరాయన. కాలేజీలో తర్కశాస్త్రం లెక్చరర్. చేతికి సుద్ద అంటకుండా ముక్కను రుమాలులో చుట్టి పట్టుకుని సున్నాలు గీసేవాడు. ఏ వాదమైనా సరే, రెండు మూడు సున్నాలు గీస్తే నిజమో అబద్ధమో తేలిపోతుందనేవాడు. ఆయన సున్నా గీస్తే రూపాయి బిళ్ళ అంచులా గుండ్రంగా వచ్చేది. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోక తప్పదు.

మా నాన్న అబ్బయ్య అదే కాలేజీలో సైన్సు గది అటెండరు. మెత్తటి మనిషి. సైన్సు గదిలో ఒక ఇత్తడి మైక్రోస్కోపు ఉండేది. పాత పంచె ముక్కను ఉడకబెట్టి, ఆరబెట్టి, దాంతో దాని అద్దం తుడిచేవాడు. నన్ను కూడా అంత జాగ్రత్తగా తుడవలేదని అమ్మ ఎగతాళి చేసేది.

మైసూరు రాష్ట్రం రోజులవి. అరవై తొమ్మిదిలో ఎండాకాలం సెలవులు అయిపోయి కాలేజీ తెరిస్తే అల్మారాలో మైక్రోస్కోపు లేదు. సైన్సు సార్ సెలవులకు ముందే వేరే ఉద్యోగం దొరికి, తన తాళంచెవి అప్పజెప్పి గుల్బర్గా వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ గదిలో విచారణ పెట్టారు. కూర్చున్నది ముగ్గురు, మాట్లాడింది ఒక్క సిద్ధప్ప సారే. అమ్మ నీళ్ళ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆయన గోడ బల్ల మీద ఒక సున్నా గీశాడు. అల్మారా తాళంచెవి ఉన్నవాళ్ళు అన్నాడు. దాన్ని కోస్తూ ఇంకో సున్నా గీశాడు. సెలవుల్లో కాలేజీకి వచ్చినవాళ్ళు అన్నాడు. తాళంచెవి ఉన్నది ప్రిన్సిపాల్‌కూ మా నాన్నకూ. సెలవుల్లో ప్రిన్సిపాల్ ఊళ్ళో లేడు. గది దులపడానికి నాన్న నాలుగుసార్లు వెళ్ళాడు, అల్మారా తెరవలేదన్నా ఎవరూ వినలేదు. రెండు సున్నాలూ కలిసిన చోట మిగిలింది మా నాన్న ఒక్కడే. సిద్ధప్ప సార్ అక్కడ ‘అబ్బయ్య’ అని రాసి, పక్కన ఇంటూ గుర్తు పెట్టాడు. దొంగ ఇక్కడ ఉన్నాడు అన్నాడు.

"నేను తీయలే సార్. గా సైన్సు సారును ఒక్కసారి అడుగుండ్రి" అన్నాడు నాన్న.

అడిగే పని లేదు, బొమ్మే చెప్పింది అన్నాడు ఆయన. ప్రిన్సిపాల్ తల ఊపాడు. నాన్న నౌకరీ పోయింది. అందరూ లేచాక సిద్ధప్ప సార్ అమ్మ వైపు తిరిగి బోర్డు తుడవమన్నాడు. ఆమె ఎవరి భార్యో ఆయనకు తెలుసు. తెలిసి చెప్పాడో, అలవాటు కొద్దీ చెప్పాడో గానీ, అమ్మ తన మొగుడి పేరును తన చేత్తోనే తుడిచింది.

పోలీసుల దాకా పోనివ్వకుండా దయ చూపించామని కాలేజీ వాళ్ళు చెప్పుకున్నారు. ఆ దయ మమ్మల్ని ఎక్కడ కొట్టిందో వాళ్ళకు తెలియదు. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. నింద మీద ఉన్నవాళ్ళు అది తీరేదాకా ఆ రొట్టె, ఆ రసం ముట్టకూడదు. దొంగతనం చేశాడని ఎవరూ నాన్న ముఖాన అనలేదు. పాస్టరు సుందరం అయ్యగారు ఇంటికి వచ్చి, మెల్లగా, మంచినీళ్ళు తాగుతూ, కొన్నాళ్ళు ఆగమన్నాడు. అప్పటి నుంచి నెలకోసారి, రొట్టె మీది తెల్లగుడ్డ తీసేసరికి నాన్న చివరి బెంచీలోంచి లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు. తలలన్నీ తిరిగేవి. నా ఒళ్ళు మండిపోయేది. నాన్న ఇళ్ళకు సున్నం వేసే పనిలో కుదిరాడు. ఆ సున్నం చేతులతో ఆదివారం పాటల పుస్తకం పట్టుకునేవాడు.

అమ్మ అదే కాలేజీకి పనికి పోతూనే ఉంది.

"ఇంక దేనికే గాడికి పోవుడు? ఇంకోకాడ పని దొరకదా?" అనేవాడు నాన్న.

"దొరుకుతది. నా పని మాత్రం గాడనే ఉన్నది" అనేది అమ్మ. నాన్నకు అది బతుకుతెరువు మాటగా వినిపించేది. నాకు మాత్రం అర్థమయ్యేది.

డెబ్బై ఒకటిలో నేను అదే కాలేజీలో పీయూసీ చేరాను. నాన్న వద్దన్నాడు. అమ్మ పట్టుబట్టింది. తర్కశాస్త్రం తీసుకోమని కూడా ఆమే చెప్పింది.

"గాయన విద్దె నేర్చుకో లీయా బిడ్డా. అడ్వి కాల్చెటోని చేతిల నిప్పేంది, ఎట్ల అంటిస్తడు, మనకు తెల్వాలె" అంది.

సిద్ధప్ప సార్ క్లాసులో నేను మొదటి వరుసలో కూర్చున్నాను. ఆయన నా ఇంటిపేరు చూసి కూడా గుర్తుపట్టలేదు. అది ఇంకా కాలింది నాకు. మా ఇంటిని బూడిద చేసినవాడికి ఆ ఇల్లు ఏదో కూడా గుర్తు లేదు.

మొదటి నెలలోనే బొమ్మల నియమాలు చెప్పాడు. సున్నాలో ఒక గదిని, అంటే ఒక భాగాన్ని, గీతలు కొట్టి నింపితే అక్కడ ఎవరూ లేరని. ఇంటూ పెడితే అక్కడ కనీసం ఒకరు ఉన్నారని. గీతలూ లేక, ఇంటూ లేక ఖాళీగా ఉంటే? అక్కడ ఎవరన్నా ఉండవచ్చు, ఉండకపోవచ్చు, మనకు తెలియదని. ఆ సాయంత్రం వాకిట్లో అమ్మకు సుద్దముక్కతో గీసి చూపించాను. ఆమె ఆ ఖాళీ గది మీద వేలు పెట్టింది.

"ఇంక మల్ల చెప్పు. గీతలు కొట్టకపోతే ఏమన్నట్టు?"

"ఉండొచ్చన్నట్టు."

"ఇంటూ పెడితే?"

"ఉన్నడన్నట్టు."

"ఉండొచ్చు అనేటికి, ఉన్నడు అనేటికి నడుమ ఎంత దూరమున్నది బిడ్డా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె సుద్ద లాక్కుంది. రెండు సున్నాలు వంకరగా గీసింది. "ఈడ మీ నాయన ఒక్కడే ఉండెనంటే, దొంగ ఎవడన్నా ఉంటే గీ గదిలనే ఉండాలె, అంతే కద. దొంగ అసలు ఉన్నడో లేడో గీ సున్నాలు చెప్పలే. మరి ఇంటూ ఏడికెల్లి వచ్చింది?" అంది. పుస్తకాలు చదివి పరీక్ష రాయాల్సిన నాకు తట్టని సంగతి, బల్లలు తుడిచే మా అమ్మకు ఒక్క సాయంత్రంలో తట్టింది. రెండేళ్ళుగా ఆమె దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి తట్టింది.

అక్టోబరులో దసరా సెలవులు వచ్చాయి. ఆయుధపూజకు ముందు అల్మారాలన్నీ కడిగి, అరల మీద పరిచిన పాత వార్తాపత్రికలు తీసి కొత్తవి వేయడం అమ్మ పని. సైన్సు గదిలో పై అర నాన్న ఉన్నప్పుడు ఆయనే చూసుకునేవాడు. ఆయన పోయాక ఎవరూ దాన్ని ముట్టలేదు. అమ్మ స్టూలు వేసుకుని ఆ కాగితం లాగితే, కింద నుంచి ఇంగ్లీషు అచ్చు ఉన్న చిన్న చీటీ ఒకటి పడింది. రవికలో దోపుకుని ఇంటికి తెచ్చింది.

నేను చదివాను. హైదరాబాదులో మైక్రోస్కోపులు బాగుచేసే ఒక దుకాణం రసీదు అది. కాలేజీ మైక్రోస్కోపు, స్క్రూ పాడైంది, మరమ్మతుకు తీసుకున్నాం అని ఉంది. తేదీ అరవై తొమ్మిది ఏప్రిల్, సెలవులు ఇవ్వడానికి రెండు రోజుల ముందు. కింద సైన్సు సార్ సంతకం. మనిషి రసీదును అరలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా గుల్బర్గా వెళ్ళిపోయాడు. ఆ దుకాణానికి నేను ఒక కార్డు రాశాను. పది రోజుల్లో జవాబు వచ్చింది. వస్తువు బాగై రెండేళ్ళయింది, దయచేసి తీసుకుపోండి అని.

ఒక్క కార్డు! మూడు వేళ్ళంత రాత. దానికి బద్ధకించి ఒక మనిషి ఇజ్జత్ తీశారు.

"ప్రిన్సిపాల్ సారుకు చూపిద్దాం పా" అన్నాను. పాత ప్రిన్సిపాల్ పోయి కొత్తాయన వచ్చి ఉన్నాడు, మంచివాడు.

అమ్మ కదల్లేదు. "చూపిస్తే ఏం చేస్తడు? తలుపు పెట్టుకుని సిద్ధప్ప సారును పిలుస్తడు. గాయన అయ్యో అంటడు. ఒక కాయితం రాసిస్తరు. మీ నాయనను దొంగన్నది ఊరంత ఇన్నది. గాయన తప్పు నాలుగు గోడలు ఇంటే సాలునా?"

"మరేం చేద్దాం?"

"బుద్ధ పున్నానికి గాయన మీటింగు ఉన్నది కద."

ఉంది. సిద్ధప్ప సార్ క్లాసులో రోజూ అదే చెప్పేవాడు. బుద్ధుడి నాలుగు కోణాల మాటను తన సున్నాలతో తేల్చి ఒక గ్రంథం రాస్తున్నాడు. వచ్చే బుద్ధ పూర్ణిమకు కాలేజీ హాల్లో ఉపన్యాసం, హైదరాబాదు నుంచీ ధార్వాడ నుంచీ పండితులు వస్తారు. అప్పటికి ఏడు నెలలు.

"నాయనకు చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తే గిప్పుడే పోయి ఆయన కాళ్ళ మీద పడి, తప్పు లేదు సార్, పోనియ్యుండ్రి అంటడు. మీ నాయన సంగతి నీకు తెల్వదా?"

తెలుసు. సరేనన్నాను. మనసు ఒప్పకుండానే సరేనన్నాననుకుంటారేమో, అదేం లేదు. నాకు ఆ ఆలోచన బెల్లం ముక్కలా ఉండింది. నోట్లో పెట్టుకుని ఏడు నెలలు చప్పరించాను. క్లాసులో ఆయన రుమాలు తీసి సుద్ద చుట్టుకున్నప్పుడల్లా, నవ్వు సార్, నవ్వుకో అనుకునేదాన్ని. క్రిస్మస్ నెల బల్లకు కూడా నాన్న బయటికి వెళ్ళాడు. చలికి మెట్ల మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. లోపల అమ్మ రొట్టె తీసుకుంది. నేను కూడా తీసుకున్నాను.

మే నెల వచ్చింది. హాల్లో పెద్ద బల్లకు అమ్మ మూడు పొరలు నలుపు పట్టించింది. ఎన్నడూ అంత బాగా పట్టించలేదు. సభ రోజు కుర్చీలు నిండిపోయాయి. పండితులు, వకీళ్ళు, ఊళ్ళో కొత్తగా బౌద్ధం తీసుకున్న కుటుంబాలు, మా సుందరం అయ్యగారు కూడా. అమ్మ డస్టరు పట్టుకుని బల్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. నాన్న రాలేదు. ఎవరి ఇంటికో సున్నం వేస్తున్నాడు.

సిద్ధప్ప సార్ కన్నడంలో బాగా మాట్లాడాడు. శత్రువే అయినా ఆ మాట చెప్పాలి. పెద్ద చతురస్రంలో రెండు సున్నాలు గీశాడు, ‘ఉంది’ అని ఒకటి, ‘లేదు’ అని ఒకటి. దాంతో నాలుగు గదులు వచ్చాయి. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉందనీ కాదు లేదనీ కాదు. బుద్ధుణ్ణి అడిగారట, ముక్తి పొందినవాడు చనిపోయాక ఈ నాలుగింటిలో ఎక్కడ ఉంటాడని. ఆయన ఏ గదిలోనూ ఇంటూ పెట్టలేదు, ఏ గదినీ గీతలతో నింపలేదు. ఎందుకు? ఉండవచ్చు అనే మాట ఒకటి, ఉంది అనే మాట వేరొకటి. మొదటిదాని బలం మీద రెండోది చెప్పేవాడు తార్కికుడు కాదు, మోసగాడు అన్నాడు సిద్ధప్ప సార్. బౌద్ధ తార్కికులు ఉన్నదానికి ఒక పరీక్ష పెట్టారు, పని చేసేదే ఉన్నది. విత్తనం మొలుస్తుంది, నిప్పు కాలుస్తుంది. గొడ్రాలి కొడుకు మాత్రం ఏ పనీ చేయడు, అతను మాటల్లోనే ఉంటాడు అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆయన రుమాలుతో నుదురు తుడుచుకుని, తర్వాత మాట్లాడేవాళ్ళ కోసం బోర్డు తుడవమని అమ్మకు వేలితో సైగ చేశాడు.

అమ్మ వెళ్ళింది. శుభ్రంగా తుడిచింది. తుడిచి, డస్టరు చంకన పెట్టుకుని, సుద్ద తీసుకుని రెండు సున్నాలు గీసింది. ఈసారి గుండ్రంగానే వచ్చాయి. కలిసిన చోట ఇంటూ పెట్టింది. జనం నవ్వారు.

"సార్, ఇది అల్మారి చెవి ఉన్నోళ్ళ సున్నా. ఇది ఎండాకాలం సెలవులల్ల వచ్చినోళ్ళ సున్నా. యాదికున్నదా?" అంది తెలుగులోనే. ఆయనకు తెలుగు వచ్చు, హాల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి వచ్చు.

ఆయన ముఖం మారింది. "రిబ్కా, ఇది సమయం కాదు" అన్నాడు.

"మీ రెండు సున్నాలు తప్పు కాదు సార్. గీ నడిమి గదిల ఉన్నది నా పెనిమిటి అబ్బయ్య ఒక్కడే, గదీ నిజమే. దొంగ ఉంటే గీడ ఉండొచ్చు. ఉన్నడని ఇంటూ ఎట్ల పెట్టిండ్రు? ఏం పని చూసి పెట్టిండ్రు?"

నవ్వులు ఆగిపోయాయి. కొత్త ప్రిన్సిపాల్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. సిద్ధప్ప సార్ అమ్మ పెట్టిన ఇంటూ వైపు వేలు చూపించాడు. "వస్తువు మాయమైంది. దొంగ చేసిన పని అదే. పని ఉంది కాబట్టి దొంగ ఉన్నాడు" అన్నాడు. పండితుల్లో ఒకాయన అవునన్నట్టు తల ఊపాడు.

అమ్మ ఎదురుచూసింది ఆ మాట కోసమే. "మాయమైందా? కనబడలే అనుండ్రి. అల్మారిల కనబడకపోతే దొంగ ఎత్కపోయినట్టేనా? ఒక్క కార్డు రాసి అడిగిండ్రా సార్? నా పెనిమిటి మీ ముంగట నిలబడి అడుగుండ్రి అని మొత్తుకున్నడు" అంటూ రవికలోంచి రసీదూ దుకాణం జవాబూ తీసి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది. ఆయన లేచి నిలబడి, తేదీలతో సహా పైకి చదివాడు. చదువుతున్నంతసేపూ అమ్మ సిద్ధప్ప సార్ ముఖం మీంచి కళ్ళు తీయలేదు. నేనూ తీయలేదు.

"వస్తువు పోలే. దొంగతనం లేదు. గప్పుడు దొంగ ఎవడు సార్? మీరు చెప్పిన గొడ్రాలి కొడుకే. గొడ్రాలి కొడుకుకు మీరు నా పెనిమిటి పేరు పెట్టిండ్రు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మ చంకలోంచి డస్టరు తీసి ఆయన ముందు చాచింది.

"గీ ఇంటూ మీరు పెట్టింది. మీరే తుడువుండ్రి."

ఆయన తుడిచాడు. రుమాలు చుట్టుకోవడం కూడా మరిచిపోయాడు, సుద్దపొడి నల్ల కోటు మీద రాలింది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు, ఆ దెబ్బ చప్పుడు నా చెవుల్లో ఇవాళ్టికీ మోగుతుంది, మోగినప్పుడల్లా హాయిగా ఉంటుంది. ఆయన గ్రంథం అచ్చు కాలేదు. పిల్లలు ఆయన క్లాసులోకి రాకముందే బల్ల మీద పెద్ద ఇంటూ గీసిపెట్టేవారు. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయ్యే నాటికి ఆయన ఆ కాలేజీలో లేడు. ఎక్కడికి పోయాడో నేను కనుక్కోలేదు.

సభ అయిన మర్నాడు సాయంత్రం సుందరం అయ్యగారు మా ఇంటికి వచ్చాడు. నాన్న చేతులు పట్టుకుని ఏడ్చాడు. వచ్చే ఆదివారం ముందు వరుసలో కూర్చోవాలని, బల్లకు మొదట నాన్నే రావాలని చెప్పాడు. కాలేజీ నుంచి కూడా కబురు వచ్చింది, మళ్ళీ నౌకరీలోకి రమ్మని. నాన్న అన్నిటికీ తల ఊపాడు. అయ్యగారు వెళ్ళాక రసీదు అడిగి తీసుకున్నాడు. ప్రిన్సిపాల్ దాన్ని అమ్మకు తిరిగి ఇచ్చి ఉన్నాడు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"గిది ఎన్నడు దొరికింది?"

"దసరా సెలవులల్ల" అంది అమ్మ.

నాన్న వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. గోళ్ళలో సున్నం తెల్లగా ఉంది. "ఏడు బల్లలు" అన్నాడు.

"మంది ముంగట చెప్పాలనుకున్న. నీ ఇజ్జత్ మంది ముంగటనే రావాలె కద."

"నా కోసమేనా రిబ్కా?"

మా అమ్మ చాలా పనులు చేసింది గానీ నాన్నతో అబద్ధం ఎన్నడూ ఆడలేదు. తల దించుకోలేదు కూడా. "కాదు. నా కడుపుల మంట సల్లారాలని" అంది.

నాన్న ఆ మాటకు కోపగించుకోలేదు. ఆమె సంగతి ఆయనకు తెలుసు. రసీదు మీది ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, తల ఎత్తకుండానే అడిగాడు.

"నీకు ఇంగ్లీషు రాదు. నీకు చదివి చెప్పిందెవరు?"

అమ్మ నా వైపు చూడకుండా ఉండటానికి పొయ్యి వైపు తిరిగింది. "నేనే నాయనా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు కూడా ఆయన ముఖం అలా ఉండటం నేను చూడలేదు.

"సిద్ధప్ప సారు తెల్వక నన్ను దొంగన్నడు" అన్నాడు. "మీకు తెల్సు."

రసీదు నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. సిద్ధప్ప సార్ మీద నా కసి తగ్గిందని ఎవరికైనా చెబితే అది అబద్ధం. కానీ ఆ తర్వాత నాన్న బతికున్నన్నాళ్ళూ, ఆయన ఎదుట ఆ మనిషిని తిట్టడానికి మా అమ్మకు గానీ నాకు గానీ నోరు రాలేదు.